తాళికున్న పిన్నీసులు

ముందుగా ఒక మాట. ఇది చదువుతున్న ఆడవాళ్లలో ఎవరికైనా చీర కట్టుకుంటూ పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకునే అలవాటుంటే, దాన్ని ఇవాళే మానేయండి. మా అమ్మ పెట్టుకునేది, మా అమ్మమ్మ పెట్టుకునేది, వాళ్లకేమైంది అంటారు. నేనూ అలాగే అన్నాను. రెండు చేతులూ కుచ్చిళ్లలో ఉంటాయి, మూడో చెయ్యి దేవుడివ్వలేదు, ఇంకెక్కడ పెట్టుకుంటాం? ఎక్కడైనా పెట్టుకోండి. పరుపుకు గుచ్చండి, మొగుడి చేతికివ్వండి. నోట్లో మాత్రం వద్దు.

నాకు ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. కుడి చంక కింద మూడు చిన్న మచ్చలున్నాయి, అంతే. చూసినవాళ్లందరూ "అదృష్టవంతురాలివి శ్యామలా, ఛాతీ కొయ్యకుండా తీసేశారు" అంటారు. ఆ అదృష్టం అన్న మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకుంటే ఆ మంట కొంచెమైనా తగ్గుతుందేమోనని మొదలుపెట్టాను.

1998, వేసవి

మేం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక పోర్షన్‌లో అద్దెకుంటాం. మావారు మురళి మాదాపూర్‌లో ఒక బిల్డరు దగ్గర సైట్ ఆఫీసులో పనిచేస్తారు. మా పాప హారికకు అప్పుడు ఎనిమిది నెలలు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి టేపుల్లో చెప్పిన మాటలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, కంప్యూటర్లో టైపు చేయాలి. పాపను చూసుకోవడానికి మా అత్తయ్య చీరాల నుంచి వచ్చి ఉన్నారు.

ఆ రోజు పొద్దున ఆఫీసు బస్సుకు ఆలస్యమవుతోందని గబగబా చీర కట్టుకుంటున్నాను. పళ్ల మధ్య చిన్న పిన్నీసు, తెరిచి ఉంది. హారిక దోగాడుతూ వచ్చి కుచ్చిళ్ల అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కుచ్చిళ్లన్నీ కిందికి జారిపోయాయి. అది నా మొహంలోకి చూసి కిలకిలా నవ్వింది. "ఓసి దొంగమొహమా!" అందామని నేనూ నవ్వబోయాను. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. పిన్నీసు లోపలికి పోయింది.

కళ్లలో నీళ్లు కారేదాకా దగ్గాను. కాసేపటికి దగ్గు ఆగిపోయింది. గొంతులో ఏమీ లేదు, ఛాతీలో కాస్త గుచ్చినట్టుంది, అంతే.

"మింగేశావా? ఏం కాదులే, అరటిపళ్లు తిను," అన్నారు అత్తయ్య. "మీ ఆయన చిన్నప్పుడు గోలీ మింగితే అరటిపళ్లతోనే బయటికొచ్చింది."

మింగితే పొట్టలోకి పోతుంది, పీల్చితే ఊపిరితిత్తిలోకి పోతుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. నేను అరటిపళ్లు తిన్నాను. మర్నాడు అత్తయ్య మంచం కింద ఊడుస్తూ పెద్దగా కేకేశారు. "ఇదిగోనే నీ పిన్నీసు! మింగనూ లేదు, గింగనూ లేదు. కిందపడితే చూసుకోకుండా ఇల్లంతా హడలగొట్టావు."

అందరం నవ్వుకున్నాం. తెలుగువాళ్లింట్లో ఎక్కడ ఊడ్చినా ఒక పిన్నీసు దొరుకుతుందన్న సంగతి అప్పుడు గుర్తుకురాలేదు. దాన్ని తుడిచి నా తాళికి తగిలించుకున్నాను. అప్పటికే అక్కడ ఇంకొన్ని ఉన్నాయి. మా అమ్మకూ అలాగే ఉండేవి, అత్తయ్యకూ అలాగే ఉంటాయి. ఎప్పుడు ఏం తెగుతుందో, దేనికి అవసరమొస్తుందో అని అలా వేలాడదీసుకుంటాం. హారికకు ఆ గుత్తి అంటే ప్రాణం. పాలు తాగుతూ ఒక చేత్తో వాటిని పట్టుకుని గలగలలాడిస్తూ నిద్రపోయేది.

1998, వానాకాలం

దగ్గు మొదలైంది. మాదాపూర్లో అప్పుడు దగ్గనివాళ్లు లేరు. కొత్త బిల్డింగుల కోసం రాళ్ల గుట్టలు పేల్చేవాళ్లు. మధ్యాహ్నం ఢామ్మంటే మా ఆఫీసు కిటికీలు అదిరేవి, టేబుళ్ల మీద తెల్లటి పొడి పేరుకునేది. "ఈ డస్టుకి ఎవరికైనా దగ్గొస్తుంది," అనేవారు మురళి. ఆయనా దగ్గేవారు. ఆయన దగ్గు తగ్గింది, నాది తగ్గలేదు.

ఆఫీసులో అందరూ చెవులు రిక్కించి పనిచేసే హాలు. నేను దగ్గితే పది తలలు ఇటు తిరిగేవి. మా టీమ్ లీడర్ అమ్మాయి ఒకరోజు నా దగ్గరికొచ్చి, "శ్యామలా, ఏమనుకోకు, కొంచెం ఆ మూల సీట్లో కూర్చుంటావా? అందరూ డిస్టర్బ్ అవుతున్నారు," అంది. మూలకు మారాను. ఆ మూల కూర్చున్నప్పుడే ఒకరోజు ఒక అమెరికా పిల్లాడి ఊపిరితిత్తిలో వేరుశెనగ గింజ ఇరుక్కున్న సంగతి టైపు చేశాను. నెలల తరబడి తగ్గని దగ్గు అని ఆ డాక్టరు చెబుతుంటే స్పెల్లింగు తప్పుపోకుండా కొట్టి, తర్వాతి టేపు పెట్టుకున్నాను. ఇంత తెలివైనదాన్ని నేను.

కర్చీఫులో రక్తం కనబడ్డ రోజున కాలనీలోనే ఒక క్లినిక్‌కి వెళ్లాం. ఎక్స్‌రే తీయాలన్నారు. అత్తయ్య కూడా లోపలికొచ్చారు. ఫోటో తీసే అతను, "గొలుసు తీసెయ్యాలమ్మా," అన్నాడు.

"సూత్రాలు తియ్యదు నాయనా," అన్నారు అత్తయ్య. "పెళ్లయ్యాక మా ఇళ్లల్లో మెడలోంచి తియ్యం."

"పక్కకన్నా జరుపుండ్రి మరి," అని అతను విసుక్కున్నాడు. నేను గొలుసు పక్కకు నెట్టుకున్నాను. ఊపిరి బిగబట్టమన్నాడు. బిగబట్టాను.

డాక్టరు ఆ ఫిల్ము లైటు ముందు పెట్టి చూశాడు. తాళి బిళ్లలు, వాటి చుట్టుపక్కల పిన్నీసులు, అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. "మీ ఆడవాళ్లు ఈ ఇనప సామానంతా మెళ్లో వేసుకుని వస్తారు," అని నవ్వాడు. మేమూ మొహమాటంగా నవ్వాం. ఆ తెల్ల గీతల్లో ఒకటి నా గొలుసుది కాదని ఆయనకు తెలియలేదు, మాకు తెలియలేదు. కింద కనబడుతున్న మచ్చ మీద వేలు పెట్టి, "టీబీ," అన్నాడు.

కఫంలో క్రిములు కనబడలేదు. కొందరికి కనబడవు అన్నాడు. నాలుగు నెలలు వాడి చూద్దామని మందులు రాశాడు. చంటిబిడ్డను కాస్త దూరంగా ఉంచమన్నాడు.

ఆ ఒక్క మాటతో మా ఇల్లు మారిపోయింది. నా కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. ఉద్యోగం మానేశాను. బావగారు, మా తోడికోడలు రాజేశ్వరి అక్క చీరాల నుంచి వచ్చారు. వాళ్లకు పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. హారికను తీసుకెళతామన్నారు.

"నాలుగు నెలలే కదా శ్యామలా," అంది అక్క. "మందులు పనిచేస్తే నువ్వే వచ్చి తీసుకుపోదువుగాని. నా కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను."

కాదనడానికి నా దగ్గర ఏముంది? పాపకు అంటుకుంటే? గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని చూశాను. ముద్దు పెట్టుకోనివ్వలేదు, నేనూ పెట్టుకుంటాననలేదు. ఆటో కదులుతుంటే అది అక్క భుజం మీదుగా నాకేసి చేతులు చాచింది. రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు కూడా అలాగే చాచేది. తేడా ఏమీ దానికి తెలియదు.

అప్పటికింకా పాలు తాగే పిల్ల. రెండు రోజుల్లో నా రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయాయి. అత్తయ్య బజారంతా తిరిగి సీజను అయిపోతున్న మల్లెపూలు తెచ్చి గుడ్డలో పెట్టి కట్టారు. అలా కడితే పాలు ఇంకిపోతాయంటారు. ఇంకిపోయాయి. అంతకుముందు మల్లెలంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడా వాసన దూరం నుంచి తగిలినా పక్క వీధిలోకి తిరిగిపోతాను.

1998, చలికాలం

మందులు వేసుకుంటున్నాను, చిక్కిపోతున్నాను. మాత్రలకు ఒంటేలు ఎర్రగా వచ్చేది, తిన్నది ఇమిడేది కాదు, దగ్గు మాత్రం అలాగే ఉంది. పడుకుంటే కుడిపక్క పోటు. నాలుగు నెలలన్నది దాటిపోయింది. "ఇంకో కోర్సు వాడాలి," అన్నాడు డాక్టరు. అంటే హారిక ఇంకా కొన్నాళ్లు అక్కడే. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే అక్క రిసీవరు పాప చెవి దగ్గర పెట్టేది. నేను పిలుస్తూనే ఉండేదాన్ని. అటువైపు ఊపిరి వినబడేది. మొదట్లో ఏదో ఒక కూత కూసేది. తర్వాత్తర్వాత రిసీవరు తోసేసి ఆడుకోవడానికి పోయేది.

మురళి మాట్లాడడం తగ్గించేశారు. ఒకరోజు అన్నం దగ్గర నేను దగ్గుతుంటే కంచం నెట్టేసి లేచి, "ఎప్పటికి తగ్గుతుందే నీకు?" అని అరిచారు. వెంటనే బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. నాకు కోపం రాలేదు. నాకూ అదే ప్రశ్న.

మా ఇంటి ఓనరు భార్య బాలమణమ్మ ఒక్కతే నా గది లోపలికి వచ్చేది. ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని భయపడ్డాం. ఆవిడ జొన్నరొట్టె, వంకాయకూర తెచ్చి, నా మంచం మీదే కూర్చుని, నా కంచంలోనే తుంచుకుని తినేది.

"అంటుకుంటుందేమోనండీ, వద్దు," అన్నాను.

"నీ అసొంటోళ్లను మస్తుగ చూసిన తియ్," అంది. "నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. ఒక్కదానివే తింటే ముద్ద దిగది. జర తిను, నేను గూడ తింటున్న జూడు."

ఆ రొట్టె రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. ఆమె పట్టుబట్టి, మురళిని నిలదీసి మరీ, మమ్మల్ని సిటీలో పెద్దాసుపత్రికి పంపింది. "ఒక్క డాక్టర్ను పట్టుకుని ఎన్ని దినాలు గూసుంటరయ్యా? పిల్ల ఎండిపోతున్నది, కండ్లు కనవడ్తలేవా?"

1999, జనవరి

ఆ ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కుర్చీలు చాలక జనం నేలమీద కూర్చున్నారు. నా ఎదురుగా ఒకావిడ చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని పాలిస్తోంది. లేచి గోడవైపు తిరిగి కూర్చున్నాను.

అక్కడ మళ్లీ ఎక్స్‌రే. గొలుసు పూర్తిగా తీసేయాల్సిందేనన్నారు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఇంత జరిగాక కూడా, తాళి తీస్తే ఆయనకేమవుతుందోనని భయం. ఒక నర్సమ్మ నా అవస్థ చూసి లోపలికెళ్లి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి తెచ్చింది.

"నీ లెక్క మస్తుమంది ఏడుస్తరమ్మా. అందుకే మా దగ్గర పెట్టుకుంటం," అని, మురళిని పిలిచింది. "ఏం సార్, మల్లొక్కసారి మూడు ముళ్లు వెయ్యుండ్రి."

జనమంతా చూస్తుండగా ఆ నడవాలో ఆయన నా మెడలో పసుపుతాడు కట్టారు. రెండో ముడి జారిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. గొలుసు పిన్నీసులతో సహా ఆయన జేబులో వేసుకున్నారు.

ఫోటో తీశాక కాసేపటికి అతను గదిలోంచి తల బయటికి పెట్టాడు. "అమ్మా, పిన్నీసు తియ్యమన్న కదా. మల్ల పెట్టుకున్నవా?"

"లేదు బాబూ. అన్నీ తీసేశాను."

"జాకెట్టుకున్నదేమో చూసుకోండ్రి."

ఆసుపత్రి గౌను తప్ప ఒంటిమీద ఏమీ లేదు. మళ్లీ తీశాడు. మళ్లీ చూశాడు. ఈసారి నన్నేమీ అడగలేదు. ఫిల్ము పట్టుకుని గబగబా డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

లైటు ముందు చూశాను. నోరు తెరిచిన పిన్నీసు, కుడిపక్క కింద. పళ్ల మధ్య ఎలా పెట్టుకున్నానో అలాగే ఉంది. పక్కన కూర్చున్న అత్తయ్య, "మరి మంచం కింద దొరికిందేంటి?" అన్నారు మెల్లగా. మురళి జేబులోంచి గొలుసు తీసి, చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు.

నాకు టీబీ లేదు. ఎప్పుడూ లేదు. నేను నా బిడ్డను ముద్దు పెట్టుకోవచ్చు, పాలివ్వచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. అన్ని నెలలూ అన్నీ చేయొచ్చు. ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు సంతోషించాలని కూడా నాకు తోచలేదు. ఎవడో నా ఇంట్లోంచి పిల్లను ఎత్తుకుపోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చాను.

మొదట గొంతులోంచి గొట్టం దింపి తీయాలని చూశారు. మొన గుచ్చుకుపోయి రాలేదు. అప్పుడు పెద్దగా మాట్లాడని ఒక సర్జన్ వచ్చి, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు చేసి, కెమెరా పెట్టి చూస్తూ తీస్తామన్నాడు. మన దగ్గర ఇది కొత్త అన్నాడు. అలా కుదరకపోతే ఛాతీ తెరవాలి, చెడిపోయిన ముక్క కొంచెం కోసేయాలి, సంతకం పెట్టండి అన్నాడు. ఆపరేషనుకు తీసుకెళుతుంటే నాకు చావు భయం పెద్దగా లేదు. నేను పోతే హారికకు నేను గుర్తు కూడా ఉండనే అని, ఆ ఒక్క దిగులే.

మెలకువ వచ్చేసరికి పక్కలోంచి ఒక గొట్టం వేలాడుతోంది. ఊపిరి తీస్తే కత్తితో పొడిచినట్టుంది. మురళి వంగి, "వచ్చేసింది, వచ్చేసింది," అన్నారు. చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఇచ్చారు దాన్ని. తుప్పు పట్టి నల్లగా ఉంది. అత్తయ్య ఆ సీసా వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత చిన్నదా?" అన్నారు.

1999, వేసవి

కాస్త తేరుకున్నాక బావగారూ అక్కా హారికను తీసుకొచ్చారు. అది నడుస్తోంది. మాటలొచ్చాయి. ఆ మొదటి అడుగు, మొదటి మాట, ఏవీ నేను చూడలేదు. దా అమ్మా అని చేతులు చాస్తే అక్క కుచ్చిళ్లలోకి దూరిపోయింది. రెండు రోజులుండి, పాప నిద్రపోతున్నప్పుడు చూసి వాళ్లు చెప్పకుండా వెళ్లిపోయారు. అలా అయితేనే అలవాటవుతుందని అందరూ అన్నారు.

నిద్రలేచి ఇల్లంతా వెతికింది. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను. అన్నం ముట్టలేదు, నా చెయ్యి తగిలితే గిలగిల్లాడింది. జ్వరం వచ్చింది. ఎత్తుకుందామంటే బరువులెత్తకూడదని డాక్టరు ఆజ్ఞ. వారం తిరక్కుండానే మురళి ఫోన్ చేసి అన్నగారిని పిలిపించారు. ఆయన్ని చూడగానే పిల్ల ఒక్క ఉరుకున మీద పడింది.

"కొన్నాళ్లు ఆగుదాం," అన్నారు మురళి.

"వాళ్లకెలాగూ పిల్లల్లేరు," అన్నారు అత్తయ్య ఒకరోజు, బియ్యం ఏరుకుంటూ, నా మొహం చూడకుండా. "నీకేమే, చిన్నదానివి. మళ్లీ పుడతారు."

"మళ్లీ పుడితే ఇంకో బిడ్డ పుడుతుంది అత్తయ్యా. హారిక పుట్టదు." ఆవిడ బియ్యం ఏరుతూనే ఉన్నారు.

జూన్ నెలలో ఎవరు చెప్పినా వినకుండా నేనొక్కదాన్నే చీరాల బండెక్కాను. కొత్త గౌనులు కొన్నాను. ఏడిస్తే ఏడవనీ, జ్వరం వస్తే రానీ, ఈసారి తెచ్చేసుకుంటానని ఒట్టు పెట్టుకుని వెళ్లాను.

"హైదరాబాదమ్మ వచ్చింది!" అని అరుస్తూ హారిక లోపలికి పరిగెత్తింది. అలా పిలవమని ఎవరు నేర్పారో అడగలేదు. నన్ను చూసి భయపడలేదు. నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని, నవ్వి, అక్క దగ్గరికి పోయి విప్పించుకుంది.

అన్నాలయ్యాక నేను వచ్చిన పని చెప్పాను. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ బిడ్డ శ్యామలా. నేను వద్దంటానా? ఈ సాయంత్రమే తీసుకెళ్లు. నేనే బట్టలు సర్దిస్తాను," అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. కాదంటే పోట్లాడేదాన్ని. పోట్లాడడానికి ఎవరూ లేరక్కడ.

ఇంతలో నిద్ర ముంచుకొచ్చి హారిక అక్క ఒళ్లోకి ఎక్కింది. కళ్లు మూసుకుని తడుముకుంటూ అక్క తాళి పట్టుకుంది. దానికి పిన్నీసులున్నాయి. వాటిని గుప్పిట్లో పెట్టుకుని మెల్లగా గలగలలాడిస్తోంది.

"అక్కా, ఆ పిన్నీసులు తీసెయ్యి."

"తీసేద్దామంటే ఊరుకోదు శ్యామలా. అవి పట్టుకుంటే గానీ నిద్రపోదు."

"నాకు తెలుసక్కా," అన్నాను. "అది నా దగ్గర నేర్చుకుంది."

అక్క నావైపు చూసింది. పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, పిన్నీసులన్నీ తీసి నా చేతిలో పెట్టింది. హారిక మూలిగింది. చెయ్యి చాపి వెతుక్కుంది. నేను ముందుకు వంగాను, ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు కళ్లు తెరుస్తుంది, ఎత్తుకుందాం అనుకున్నాను. దానికి అక్క మెడలో బోసి సూత్రాలు దొరికాయి. వాటినే పట్టుకుని, మొహం అక్క గుండెల్లో దాచుకుని నిద్రపోయింది.

నేను లేచి, తెచ్చిన గౌనులు అక్క బీరువాలో సర్దాను. సాయంత్రం బండికి ఒక్కదాన్నే వచ్చేశాను.